నెలబండ మీద మంట

ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే దారిలో, ఊరు దాటగానే కుడిచేతి పక్కన ఒక గుట్ట ఉంది. ఇప్పుడు దాన్ని టీవీ గుట్ట అంటున్నారు. నిన్నగాక మొన్న వచ్చిన ఇనుప స్తంభానికి గుట్టనే రాసిచ్చేశారు జనం. దాని అసలు పేరు నెలబండ. ఆ పేరు నిలబెట్టిన మనిషి సైదాబీ.

సైదాబీ పుట్టిల్లు ఉదయగిరి. తండ్రి కొయ్య గరిటెలూ స్పూన్లూ చెక్కేవాడు. పిల్లప్పుడే ఉలి పట్టిన చెయ్యి ఆమెది. బడికి పోయింది తక్కువ, నోరు నేర్చింది ఎక్కువ అని వాళ్ళమ్మే అనేది. ఆత్మకూరులో జట్కా తోలే వహాబుకు ఇచ్చి పెళ్ళి చేశారు. గుట్ట కిందనే ఇల్లు. కాపురానికి వచ్చిన ఏడాదే ఆమెకు తెలిసింది, వహాబుకు జట్కా కాక ఇంకో పని కూడా ఉందని. దానికి జీతం లేదు, సెలవూ లేదు. తాతల నాటి నుంచి ఆ ఇంటి మీద పడిన పని.

పడమటి పక్కన వెలిగొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. వాటి మొదట్లో నాలుగు పల్లెలు. ఒక్కో పల్లెలో పదో పదిహేనో సాయిబుల ఇళ్ళు. రంజాను నెలాఖరున నెలపొడుపు చూడాలంటే వాళ్ళకు కొండ అడ్డం. సన్నని నెలవంక కాసేపు నిలిచి కొండ వెనక్కు జారిపోతుంది, వాళ్ళు మెడలు నిక్కించినా కనిపించదు. నెలబండ మీద నుంచి అయితే రెండు కొండల సందులో కనబడుతుంది. అందుకని ఇరవై తొమ్మిదో ఒక్కపొద్దు నాటి సాయంత్రం వహాబు ఇంటివాళ్ళు గుట్ట ఎక్కి చూస్తారు. నెల కనబడితే బండ మీద కంప పోగేసి మంట పెడతారు. ఆ మంట చూసి నాలుగు పల్లెలూ తెల్లవారితే పండగ చేసుకుంటాయి. మంట లేకపోతే ముప్పయ్యో ఒక్కపొద్దు కూడా ఉంటాయి. రేడియోలు లేని ఊళ్ళు, కరెంటు లేని ఊళ్ళు. వాళ్ళకు ఆ మంటే మాట.

డెబ్బై మూడులోనో నాలుగులోనో వహాబు కళ్ళలో పొర కమ్మింది. జట్కా గుర్రం దారి ఎరిగినది కాబట్టి బతుకు గడుస్తోంది. ఆ ఏడు నెలాఖరున భార్యను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాడు. ఖర్జూరం, నీళ్ళు పెట్టుకుని అక్కడే ఒక్కపొద్దు విడిచారు. ఆయన చాలాసేపు పడమటికి చూశాడు.

"సైదా, కనపడిందా?" అన్నాడు.

"నీకు కనపడలా?"

"నా సంగతి వదిలిపెట్టు. నీకు కనపడిందా?"

"అదిగో, కొండల సందులో. గోరు కత్తిరించి పారేసినట్టు ఉండాది."

"ఒట్టు?"

"ఒట్టెందుకు? నాకు కండ్లుండాయి గదా."

వహాబు జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే అంటించు. నేను చూడంది నేను అంటించకూడదు. మా నాయన నాకు చెప్పింది ఇదొక్కటే" అన్నాడు. ఆ గొంతులో ఏడుపుందో లేదో సైదాబీ తిరిగి చూడలేదు. మొగుడు ఏడుస్తుంటే చూడకపోవడం కూడా ఒక మర్యాదే. పుల్ల గీసి కంపకు పెట్టింది. మంట నిలువెత్తు లేచింది.

బజారులో గుసగుసలు మొదలయ్యాయి. మసీదు పెద్ద రహమతుల్లా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఆడమనిషి చూస్తే ఎట్లమ్మా? నలుగురూ ఏమనుకుంటారు?"

"మొగోళ్ళకు ఒక నెల, ఆడోళ్ళకు ఒక నెల పొడస్తాదా ఏంది? నీ కండ్లు అంత మంచివైతే నువ్వే ఎక్కు భాయ్. గుట్ట యాడికీ పోలా, ఈడనే ఉండాది."

రహమతుల్లా మంచివాడే, కానీ మసీదు మెట్లు ఎక్కడానికే ఆయాసపడే మనిషి. గుట్టవైపు ఒకసారి చూసి, "సరేలేమ్మా" అని వెళ్ళిపోయాడు. అనే నోళ్ళు చాలా ఉన్నాయి, ఎక్కే కాళ్ళే లేవు.

కొన్నేళ్ళకు వహాబు పోయాడు. ఆ తరువాత కూడా సైదాబీ ఒక్కతే ఎక్కింది. కంప మోపు తానే ఎత్తుకుంది. ఏటా పండగనాడు కొండ కింది పల్లె నుంచి మొదటి సేమ్యా గిన్నె ఆమె ఇంటికి వచ్చేది. పంపేది వహాబు అక్క చాంద్బీ. తెచ్చేది చాంద్బీ కొడుకు అబ్దుల్ రజాక్. మంట పెట్టిన చేతికి గిన్నె పంపకుండా ఆ పల్లెలో ఎవరూ సేమ్యా ముట్టరు. అది వాళ్ళ పద్ధతి. సైదాబీ కూడా ఊరికే తినే రకం కాదు. ఉదయగిరి కొయ్యతో ఒక స్పూను తన చేత్తో చెక్కి చాంద్బీకి పంపింది. ఆ ఇంట్లో ఏ పండగ వచ్చినా సేమ్యా దానితోనే వడ్డించేవాళ్ళు.

ఎనభై నాలుగులో గుట్ట మీదకు లారీలు ఎక్కాయి. ఇనుప బద్దలు, సిమెంటు, తీగల చుట్టలు. నెల్లూరు నుంచి రాజమోహన్ అనే ఇంజినీరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఎండకు నెత్తిన తడిగుడ్డ వేసుకుని తిరిగేవాడు. చూస్తుండగా స్తంభం లేచింది. తెలుపూ ఎరుపూ పట్టెలు వేశారు. చుట్టూ ముళ్ళతీగ, ముందర గేటు, గేటుకు కాపలాగా వరదయ్య. వరదయ్య సైదాబీ ఇంటి వెనక వీధివాడే, బాప్టిస్టు గుడిలో గంట కొట్టేవాడు. ఇక టీవీ వస్తుందని ఆత్మకూరంతా ఒకటే సంబరం. పెట్టెలు కొనలేనివాళ్ళు కొన్నవాళ్ళ కిటికీలను ఇప్పటి నుంచే లెక్కపెట్టుకుంటున్నారు.

సర్కారుకు గుట్ట కనిపించింది గానీ, గుట్ట ఎక్కే మనిషి కనిపించలేదు. తీగ లోపల పడిపోయిన బండను చూసి సైదాబీ నేరుగా ఇంజినీరు దగ్గరికి పోయింది.

"అయ్యా, ఏడాదికి ఒక్క సాయంత్రం నేను ఆ బండ మీద మంట పెట్టుకోవాల."

"మంటా? లోపల తీగలున్నాయమ్మా, నిప్పు పనికిరాదు. కంచె బయట, పడమటి పక్క ఇంకో బండ ఉంది కదా. అక్కడ పెట్టుకో, ఎవరూ ఏమీ అనరు."

"కనపడతాదా ఆడ్నించి?"

"ఎవరికమ్మా?"

"ఎవురికేంది, నాలుగూళ్ళకు!"

రాజమోహన్ తల ఊపాడు. అన్నీ విన్నట్టే ఊపాడు. స్తంభం కొసన ఒక దీపం పెట్టబోతున్నామని మాత్రం చెప్పలేదు. చెప్పాలని అతనికి తోచలేదు, అడగాలని ఈమెకూ తోచలేదు.

మరుసటి ఏడు ఇరవై తొమ్మిదో నాడు సైదాబీ కొత్త బండ మీద కూర్చుంది. పడమట మబ్బు దట్టంగా పట్టింది. కొండల సందు పూర్తిగా మూసుకుపోయింది. చీకటి పడేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. కనబడలేదు. కంప మోపు విప్పకుండా తిరిగి నెత్తిన పెట్టుకుని దిగింది. సగం దిగాక వెనక ఎర్రగా వెలుగు పడినట్టయింది. తిరిగి చూస్తే స్తంభం కొసన ఎర్రదీపం. లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. దీపాన్ని మొదటిసారి వెలిగించి చూస్తున్నారు. "వీళ్ళ సంబరం తగలెయ్య" అనుకుని ఇంటికి పోయింది. తెల్లవారకముందే సహరీకి జొన్నరొట్టె తిని, ముప్పయ్యో ఒక్కపొద్దు పట్టింది.

పొద్దెక్కాక ఆమె వాకిట్లో కొయ్య చెక్కుతుంటే అబ్దుల్ రజాక్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, చేతిలో గుడ్డ కట్టిన గిన్నె. ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"ముమానీ, బస్టాండులో నన్ను చూసి అందరూ నవ్వుతా ఉండారు. మీ కొండ కింద క్యాలెండర్ వేరేనా భాయ్ అంటా ఉండారు" అన్నాడు. మేనమామ భార్యను వాళ్ళిళ్ళల్లో ముమానీ అనే పిలుస్తారు.

"నవ్వరా మరి? ఏందిరా ఈ వేషం? ఈరోజు పండగని నీకెవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పేదేంది? నువ్వే గదా. నిన్న సాయంత్రం నెలబండ మీద మంట పెట్టినావు. నాలుగూళ్ళూ చూసినాయి. అమ్మీ అయితే మంచంలో నుంచి లేపించుకోని మరీ చూసింది."

సైదాబీ చేతిలో ఉలి ఆగిపోయింది.

"నేను పెట్టలా."

"ఏంది ముమానీ?"

"నేను మంట పెట్టలారా. నాకు నెల కనపడలా."

"మరి ఆ ఎర్రగా..." అంటూ అబ్దుల్ రజాక్ గుట్టవైపు తిరిగాడు. పగటివేళ దీపం లేదు. ఇనుప స్తంభం ఒక్కటే నిలబడి ఉంది. వాడికి అర్థమైంది. గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఉపవాసం ఉన్న మనిషికి ఇవ్వలేడు, తిరిగి మోసుకుపోలేడు. చివరకు మోసుకునే పోయాడు. సైదాబీ కూడా వాడి వెంట లారీ ఎక్కింది.

చాంద్బీ ఆ ఏడాది మొదటి నుంచీ దగ్గుతో మంచం మీదే ఉంది. ఒక్కపొద్దులు వద్దని అందరూ చెప్పినా వినలేదు. ఇదే నా ఆఖరు నెల, ఒక్కటి కూడా వదలను అని పట్టుబట్టి ఇరవై తొమ్మిదీ ఉంది. ముప్పయ్యో నాడు తెల్లవారగానే సేమ్యా తింది. మరదల్ని చూడగానే లేవబోయింది, లేవలేకపోయింది.

"నువ్వు పెట్టలేదంట గదా సైదా."

"లేదు ఆపా. అది టవరు దీపం."

"నీ మంటనుకున్నా. నీ మంటేననుకోని తిన్నా."

"ఒక్కటే గదా ఆపా. తెలీక తిన్నావు. ఒళ్ళు బాగైనాక ఒకటి తిరిగి ఉంటే సరిపోతాది."

"ఉంటా. ముందు లేచి కూర్చోనీ" అంది చాంద్బీ. కసురుకోలేదు. కసురుకుని ఉంటే సైదాబీకి కొంచెం తేలికగా ఉండేది.

ఆమె లేచి కూర్చోలేదు. వానలు మొదలు కాకముందే పోయింది. మట్టి ఇచ్చి వచ్చాక, వాకిట్లో జనం పలచబడ్డాక, అబ్దుల్ రజాక్ సైదాబీ దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"తప్పు నీదని నేననను ముమానీ. కానీ ఇంక మేం ఆ గుట్టవైపు చూడం. ఏటా ముప్పై నిండా ఉంటాం. మంట మాకొద్దు."

"ముప్పయ్యో నాడు పండగైతే? పండగనాడు ఉపాసం ఉంటార్రా?"

"ఏమో. తెలిసి తప్పు చేసినా చేస్తాం గానీ, ఇంకోసారి మోసపోం."

అప్పుడు పడింది సైదాబీకి దెబ్బ. ఆమె మాట అబద్ధమని ఎవరూ అనలేదు. ఆమె మాట అక్కర్లేదన్నారు. ఎన్నో ఏళ్ళు కంప మోసిన నెత్తికి అంతకన్నా బరువు ఏదీ తెలియదు.

చాంద్బీ బాకీ పడిన ఒక్కపొద్దును తాను ఉంటానంది. ఒక పేదకు అన్నం పెడితే చెల్లిపోతుందమ్మా, ఒకరిది ఒకరు ఉండేది లేదు అన్నాడు రహమతుల్లా. "అన్నమూ పెడతా, ఒక్కపొద్దూ ఉంటా. రెండింట్లో ఏది పనికొస్తాదో పైనుండే ఆయన ఏరుకుంటాడు" అంది. ఉంది కూడా.

తరువాత గుట్ట ఎక్కి రాజమోహన్‌ను పట్టుకుంది. ఏడాదికి ఒక్క సాయంత్రం ఆ దీపం ఆర్పమంది.

"నా చేతిలో లేదమ్మా. అది ఆకాశంలో పోయే విమానాల కోసం. ఆర్పితే నేరం."

"నేను కాపురానికి వచ్చిన కాడ్నించి ఈ ఊరి నెత్తిన ఒక్క ఇమానం పోలా. రానివాటికి దారి చూపిస్తా, ఉండేవాళ్ళకు దారి తప్పిస్తా ఉండారే!"

జరిగింది విన్నాక రాజమోహన్ ముఖం చిన్నబోయింది. "ఆ రోజు తెలియక వెలిగించామమ్మా. తెలిసినా ఆర్పే అధికారం నాకు లేదు" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదని ఆమెకూ తెలుసు.

గేటు దగ్గర వరదయ్య మెల్లగా అన్నాడు. "అక్కా, ఆ ఒక్క పూట నేనే మీట నొక్కేస్తాలే. సారుకు తెలీదు. మా గుడి గంట ఎవురన్నా ఊరికే కొడితే, ఎవురు చచ్చినారోనని ఊరంతా పరిగెత్తుకొస్తాది. నాకు తెలీదా నీ బాధ?"

"వద్దు వరదయ్యా. నీ పిల్లోళ్ళ కూట్లో మన్ను పొయ్యను. అయినా దొంగచాటుగా ఆర్పిన చీకట్లో నేను పెట్టే మంటను ఎవురు నమ్ముతారు?"

ఆమె ఇంకో ఉపాయం చేసింది. మర్రిపాడు పోయే లారీలవాళ్ళతో కొండ కిందకు కబురు పంపింది: ఈ ఏడు మంట కాదు, దివిటీ ఊపుతాను, కదిలేది నాది, కదలనిది సర్కారుది. అబ్దుల్ రజాక్ దగ్గర నుంచి జవాబు రాలేదు.

ఇరవై తొమ్మిదో రోజు మళ్ళీ వచ్చింది. వెదురు కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు తాపి, సైదాబీ పడమటి బండ మీద కూర్చుంది. ఆ సాయంత్రమూ మబ్బే. ముందుటేడు మబ్బే తిరిగి వచ్చిందా అనిపించేంత మబ్బు. నెత్తి మీద ఎర్రదీపం వెలిగింది. ఆమె దానివైపు చూడలేదు. కొండల సందు నల్లబడిపోయేదాకా చూసి, కర్ర చంకన పెట్టుకుని లేచింది.

అంతలో స్తంభం పక్క గది లోపలి నుంచి వరదయ్య గబగబా వచ్చాడు. "అక్కా, పెట్టెలో చెప్పినారు. హైదరాబాదులో నెల కనపడిందంట. రేపే పండగంట." అతను చెబుతుండగానే కింద ఊళ్ళో మసీదు మైకు కూడా అదే మాట అంది. టపాకాయలు పేలాయి. కాసేపటికి కుర్రవాళ్ళ భుజాల మీద చేతులు వేసుకుని, ఎగరొప్పుతూ, రహమతుల్లాయే గుట్ట ఎక్కాడు. అన్నేళ్ళలో ఆయన గుట్ట ఎక్కడం అదే మొదలు.

"అంటించు సైదాబీ. నెల కనపడింది."

"ఎవురికి?"

"హైదరాబాదులో పెద్దోళ్ళకు."

"అయితే వాళ్ళనొచ్చి అంటించమను. నేను చూడలా."

"ఇదేం మొండితనం? నీ దివిటీ లేకపోతే ఆ నాలుగూళ్ళూ రేపు పండగనాడు ఉపాసం ఉంటాయి. ఆ పాపం ఎవురిది?"

ఆ మాట గుచ్చుకుంది. సైదాబీ పడమటికి తిరిగి నిలబడింది. చీకట్లో ఆ పల్లెలు ఉన్నాయి. అందులో ఎవరైనా ఇటువైపు చూస్తున్నారో లేదో తెలియదు. అంటిస్తే, చూడని నెలకు చూశానని చెప్పినట్టు. అంటించకపోతే, తెలిసి కూడా దాచినట్టు. వహాబు ఇచ్చిన అగ్గిపెట్టె ఎప్పుడో అయిపోయింది గానీ, ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా అదేనన్నట్టు పిడికిలి బిగించింది.

"చూడకుండా వెలిగేది ఈడ ఒకటుండాది గదా. రెండోది ఎందుకు?" అని దివిటీ కర్రను వరదయ్య చేతిలో పెట్టి, గుట్ట దిగింది.

రోడ్డు మీద బద్వేలు పోయే లారీని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. డ్రైవరు కామయ్య ఎరిగినవాడే. "ఈ చీకట్లో యాడికి అవ్వా?" అన్నాడు. "మాట చెప్పేదానికి. మాట్లాడకుండా తోలు" అంది. రోడ్డు దగ్గర దిగి, పల్లెదాకా నడిచింది. చిన్న మసీదులో మగవాళ్ళు రాత్రి నమాజుకు వరస కడుతున్నారు. ఆమె మెట్ల కింద నిలబడి పిలిచింది.

"అబ్దుల్ రజాక్!"

వాడు బయటకు వచ్చాడు. వెనకే మిగిలినవాళ్ళూ గుమికూడారు. లాంతరు ఎత్తి ఆమె ముఖం చూశారు.

"నెల చూసినావా ముమానీ?" అన్నాడు. గొంతులో పోయిన ఏడాది చేదు అట్లాగే ఉంది.

"లేదు. మబ్బు. నాకు కనపడలా. హైదరాబాదులో కనపడిందని పెట్టెలో చెప్పినారు, మైకులో చెప్పినారు. చూసినోళ్ళెవురో నేనెరగను. ఆత్మకూరులో రేపు పండగ. నాకు తెలిసింది ఇంతే. ఉంటారో, విడుస్తారో మీ ఇష్టం."



"చూడలా అని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా?" అన్నాడు అబ్దుల్ రజాక్.

"చూసింటే ఆడనే అంటించేదాన్ని గదరా! మోకాళ్ళు పట్టుకోని ఈడికెందుకొస్తా?"

ఒక ముసలాయన ఫక్కున నవ్వి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు. అబ్దుల్ రజాక్ నవ్వలేదు. వెనకవాళ్ళవైపు తిరిగి, "రేపు పండగ. మిగతా మూడూళ్ళకు మనుషులు పోండి" అన్నాడు. "టీవీలో చెప్పినారని చెప్పమంటావా?" అని ఎవరో అడిగారు. "సైదాబీ వచ్చి చెప్పిందని చెప్పండి" అన్నాడు.

ఆ రాత్రి ఆమె చాంద్బీ మంచం మీదే పడుకుంది. తెల్లవారి నమాజు అయ్యాక అబ్దుల్ రజాక్ భార్య జరీనా మొదటి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. అందులో ఉదయగిరి కొయ్య స్పూను ఉంది. అంచు అరిగిపోయి ఒక పక్కకు వాలింది. సైదాబీ దాన్ని తిప్పి చూసుకుని, సేమ్యా నోట్లో పెట్టుకుంది.

ఆ తరువాత ఆమె మంట పెట్టిందీ లేదు, దివిటీ ఊపిందీ లేదు. కొండ కిందకు కరెంటు వచ్చింది, పెట్టెలు వచ్చాయి. అయినా మోకాళ్ళు మోసినన్నాళ్ళు ఇరవై తొమ్మిదో నాడు గుట్ట ఎక్కేది, పాత బండ మీదకు వరదయ్య గేటు తీసేవాడు. దిగాక మర్రిపాడు లారీలో ఒక్క మాటే పంపేది, చూసినా అనో, చూడలా అనో. పండగనాడు మొదటి గిన్నె మాత్రం తప్పకుండా వచ్చేది. చక్కెర ఎక్కువైందని ఏటా తిట్టేది. ఏటా గిన్నె ఖాళీ చేసి, తోమి మరీ పంపేది.